పార్సిల్లో వచ్చిన వయొలిన్: బ్రిడ్జి పడిపోయింది, పైపలక మీద గీత ఉంది. తీగలు బిగించి చూడొచ్చా?

కొత్తకమాను:
ఆన్‌లైన్లో కొన్న ఫుల్‌సైజు వయొలిన్ వచ్చింది. అట్టపెట్టె ఒక మూల లోపలికి నొక్కుకుపోయి ఉంది. కేసు తెరిస్తే నాలుగు తీగలూ వదులుగా వేలాడుతున్నాయి, బ్రిడ్జి (తీగలను ఎత్తి పట్టే చెక్కముక్క) ఊడి టెయిల్‌పీస్ (తీగల కింది చివరలు తగిలించే ముక్క) కింద ఇరుక్కుంది. వాయిద్యాన్ని కదిపితే లోపల చిన్న పుల్లేదో దొర్లుతోంది. పైపలక మీద, కుడివైపు ఎఫ్ రంధ్రానికి (f ఆకారంలో ఉండే రంధ్రం) కాస్త లోపలగా, నిలువునా 4 సెం.మీ. సన్నటి గీత ఉంది. పైన వార్నిష్ మాత్రమే గీసుకుందో, కర్రే పగిలిందో తేల్చుకోలేకపోతున్నాను. అమ్మినవాళ్లకు రాస్తే "బ్రిడ్జి నిలబెట్టి తీగలు బిగించండి, మోగితే బాగున్నట్టే" అన్నారు. కాదంటే కొంత డబ్బు వెనక్కిస్తారట. ఏం చేయమంటారు?

బిరడ:
ముందు ఆ తీగల జోలికి వెళ్లకండి. లోపల దొర్లుతున్న పుల్ల సౌండ్‌పోస్ట్. సుమారు 6 మి.మీ. మందం ఉండే స్ప్రూస్ కర్ర ముక్క అది. బ్రిడ్జి కుడి కాలికి కొంచెం వెనగ్గా, పైపలకకూ వెనకపలకకూ మధ్య నిలబడి ఉంటుంది. నాలుగు తీగలూ శ్రుతికి వస్తే మొత్తం లాగుడు 20 కిలోలు దాటుతుంది. అందులో మూడో వంతుకు పైనే బ్రిడ్జి మీదుగా పైపలకను కిందికి నొక్కుతుంది. కింద పోస్ట్ లేకపోతే కుడివైపు పలక కుంగిపోతుంది, పగులు ఉంటే అది ఇంకా సాగుతుంది. పైగా మీరు బిగించాక గీత పెరిగితే, "మీరే పాడుచేశారు" అనడానికి వాళ్లకు మీరే సాక్ష్యం ఇచ్చినట్టవుతుంది.

బ్రిడ్జి, పోస్ట్ పడిపోవడం మాత్రం విరిగినట్టు కాదు. రెండింటికీ జిగురు ఉండదు, తీగల ఒత్తిడే వాటిని నిలబెడుతుంది. ఒత్తిడి తగ్గి, దారిలో ఒక కుదుపు తగిలితే చాలు. బ్రిడ్జి కాళ్లు చిట్లకపోతే మళ్లీ పెట్టుకోవచ్చు. పోస్ట్‌ను మాత్రం వయొలిన్ రిపేరు చేసేవాళ్లే నిలబెట్టాలి. సెట్టర్ అనే వంకర పరికరం లేకుండా ప్రయత్నిస్తే ఎఫ్ రంధ్రం అంచులు చెక్కుకుపోతాయి.

అసలు సంగతి ఆ గీత. గది చీకటి చేసి, సన్నటి ఎల్‌ఈడీ దీపాన్ని ఎఫ్ రంధ్రంలోంచి లోపలికి దింపి బయటి నుంచి చూడండి. గీత వెంట వెలుతురు కనిపిస్తే కర్ర పగిలినట్టే. కనిపించకపోతే పగుల్లేదని మాత్రం అనుకోకండి, వార్నిష్ కప్పేసి ఉండొచ్చు. అప్పుడు దీపాన్ని పక్కవాటుగా పట్టి, గీత దారి చూడండి. పగులు కర్ర రేఖల వెంటే పోతుంది. రేఖలను అడ్డంగా దాటిపోతే అది పైపై గీత అయ్యే అవకాశమే ఎక్కువ. తేలకపోతే గీతకు ఒక పక్కన వేలి బరువు మాత్రం ఆనించండి, ఒక అంచు దిగి రెండోది దిగకపోతే పగులే.

తర్వాత, అది ఎక్కడ ఆగిందో చూడండి. ఎఫ్ రంధ్రం అంచు దగ్గర మొదలై అక్కడే ఆగిన చిన్న పగులును జిగురుతో అతికించి, లోపల చిన్న కర్ర బిళ్లలు వేసి సరిచేస్తారు. పోస్ట్ నిలబడే చోటుకు చేరిన పగులైతే పైపలక విప్పి, లోపల కర్ర చెక్కి, ప్యాచ్ వేయాలి. మామూలు స్టూడెంట్ వయొలిన్‌కు ఆ ఖర్చు వాయిద్యం ధరను మించుతుంది.

జిగురుడబ్బా:
బిరడ గారు పైపలక గురించి చెప్పారు. పెట్టె మూల నొక్కుకుంది కాబట్టి మిగతా చోట్లా చూడాలి. వెనకపలకలో పోస్ట్ ఆనే చోటు ముఖ్యం, అక్కడి పగులు పైపలక పగులుకంటే చెడ్డది. మెడ చివర, తీగలు బిగించే బిరడలుండే పెట్టెలో, 'A' తీగ బిరడ రంధ్రం పక్కన వెంట్రుకలాంటి చీలిక వస్తుంటుంది, దాన్నీ చూడండి.

మెడ కిందికి వాలిందేమో తీగలు లేకుండానే కొలవొచ్చు. ఫింగర్‌బోర్డు (మెడ మీద వేళ్లు నొక్కే పలక) నడిమి మీద నిటారు స్కేలు పెట్టి బ్రిడ్జి చోటు దాకా చాపండి. ఎఫ్ రంధ్రాల లోపలి గాట్లను కలిపే ఊహారేఖే ఆ చోటు. అక్కడ స్కేలు కింది అంచు పలకకు సుమారు 27 మి.మీ. ఎత్తులో ఉండాలి. 24 దాకా పడితే మెడ వాలినట్టు. కొన్ని చవక వాయిద్యాలు తయారీలోనే అలా ఉంటాయి, అందుకే మడమ దగ్గర (మెడ ఒంటికి అతికే చోట) కొత్తగా ఏర్పడిన సందు ఉందా అని కూడా చూడాలి.

అంచుల చుట్టూ వేలి కణుపుతో మెల్లగా తట్టండి. ఒకచోట గరగర వస్తే అతుకు విడిపోయింది. దీనికి మాత్రం కంగారు పడొద్దు. పలక చీలకుండా అతుకే ముందు విడిపోవాలనే అక్కడ పలచటి హైడ్ గ్లూ (జంతుచర్మంతో చేసే జిగురు) వాడతారు, తిరిగి అంటించడం చిన్న పని. సూపర్‌గ్లూ మాత్రం ఎక్కడా చుక్క వేయకండి. అది కర్రలోకి ఇంకితే ఆపైన హైడ్ గ్లూ అంటదు, సరిచేయగలిగిన పగులు కూడా చెడిపోతుంది.

కమాను కొన దగ్గర తల కూడా చూడండి. అక్కడ అడ్డంగా చీలిక ఉంటే ఆ కమాను పనికిరాదు.

పార్సిల్‌లెక్క:
ఇప్పుడు డబ్బు సంగతి. వాయిద్యాన్ని ఇంకా కదపక ముందే ఫొటోలు తీయండి: పెట్టె ఆరు వైపులూ చిరునామా చీటీతో, నొక్కుకున్న మూల, లోపలి ప్యాకింగ్ ఎంత మందమో తెలిసేలా, కేసు, పడిపోయిన బ్రిడ్జి ఉన్నది ఉన్నట్టు, గీత పక్కన స్కేలు. పెట్టెను, లోపలి కాగితాన్ని కూడా పారేయకండి. కొరియర్ తనిఖీకి వస్తే ముందు అడిగేది అదే.

ఫిర్యాదు కొన్న వేదికలోని రిటర్న్ పేజీలోనే పెట్టండి, ఫోన్ మాటలు తర్వాత లెక్కలోకి రావు. "బిగించి చూడండి" అన్న సందేశాన్ని స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి. ఇలా రాస్తే చాలు:

"వయొలిన్ ఫలానా తేదీన దెబ్బతిని అందింది. పైపలకపై 4 సెం.మీ. పగులు ఉంది, సౌండ్‌పోస్ట్ పడిపోయింది. తీగలు బిగించలేదు, రిపేరు చేయించలేదు. ఫొటోలు జతచేశాను. వాపసు తీసుకుని పూర్తి సొమ్ము ఇవ్వగలరు."

"కొరియర్ మీద మీరే క్లెయిమ్ వేసుకోండి" అంటే ఒప్పుకోకండి. పంపిన ఒప్పందం వాళ్లది, మామూలుగా క్లెయిమ్ కూడా వాళ్లే వేయాలి. డబ్బు చేతికి రాకముందే "సమస్య తీరింది" బటన్ నొక్కొద్దు. కార్డుతో చెల్లించి ఉంటే, వాళ్లు మొండికేసినప్పుడు బ్యాంకులో చార్జ్‌బ్యాక్ (కట్టిన సొమ్మును బ్యాంకు ద్వారా వెనక్కి తెప్పించుకోవడం) అడగొచ్చు, దానికి గడువుంటుంది.

ఇక వాళ్లు ఇస్తామన్న తగ్గింపు: పడింది ఒక్క పోస్టే అయితే సరే, నిలబెట్టే కూలి ఇస్తే పోతుంది. పగులుంటే, రిపేరు చేసేవాళ్లు రాసిచ్చిన అంచనా చేతిలో లేకుండా ఏ అంకెకూ తలూపొద్దు.

కొత్తకమాను:
ఫొటోలన్నీ తీశాక దీపం పెట్టి చూశాను. గీత వెంట వెలుతురు కనిపించింది. కింది చివర బ్రిడ్జి కుడి కాలి గుర్తుకు సరిగ్గా వెనక ఆగింది. స్కేలు 26.5 దగ్గర ఉంది, మడమ దగ్గర సందు లేదు.

బిరడ:
అయితే అది పోస్ట్ పగులే. తగ్గింపు మాట మరిచిపోయి వాపసు ఇచ్చేయండి.

పంపేటప్పుడు: పోస్ట్ పుల్ల లోపల దొర్లి ఇంకేం చెక్కకుండా, ఎఫ్ రంధ్రం కిందికి ఉండేలా వాయిద్యాన్ని తిప్పి మెల్లగా ఊపి బయటికి జార్చండి. రాకపోతే వదిలేయండి, బలవంతం వద్దు. బ్రిడ్జిని, పుల్లను కాగితంలో చుట్టి కేసు జేబులో పెట్టండి. టెయిల్‌పీస్ కింద మెత్తటి గుడ్డ దూర్చి, అది ఆడకుండా ఉండేంతే తీగలు బిగించండి. మెడ కింద కాగితపు ఉండలు పెట్టండి, స్క్రోల్ (మెడ చివరి చుట్ట) కేసు గోడకు తగలకూడదు. కమాను వెంట్రుకలు వదులు చేయండి. కేసుకు బయటి పెట్టెకు మధ్య అన్ని వైపులా కనీసం 5 సెం.మీ. మెత్త ఉండాలి. మూసి ఊపితే లోపల ఏమీ కదలకూడదు. ప్యాకింగ్ మొత్తం ఒకే వీడియోగా, ఆపకుండా తీసి పెట్టుకోండి.