తోచునా, కనిపించునా, నడుచునా?

పాతపలక: సాపేక్ష సిద్ధాంతం గురించి ఒక పాత పుస్తకంలో చూసిన వాక్యం: "కదిలే గడియారము మెల్లగా నడచినట్లు తోచును..." ఇంతవరకే గుర్తుంది. చివర "తోచును"యేనా, "కనిపించును"ఆ? తర్వాతి వాక్యం ఎవరికైనా తెలుసా?

గామా: రెండూ తప్పే. తోచడమంటే భ్రమ అన్నట్టు. ఆకాశం నుంచి దాదాపు కాంతివేగంతో దూసుకొచ్చే మ్యూఆన్ అనే కణం సగటు ఆయువు 2.2 మైక్రోసెకన్లు. 1963లో భౌతికశాస్త్రవేత్తలు ఫ్రిష్, స్మిత్‌లు అమెరికాలోని వాషింగ్టన్ పర్వతం మీద గంటకు సుమారు 563 లెక్కపెట్టారు. వేగం వల్ల ఆయువు సాగకపోతే 1,900 మీటర్ల దిగువన, సముద్రమట్టం దగ్గర, 27 మిగలాలి. దొరికినవి 412. మనకు తోచినంత మాత్రాన మ్యూఆన్లు బతుకుతాయా? "నడుచును" అని ఉండాలి.

ఛందోబంది: తొందరపడ్డారు. "ఏమీ తోచడం లేదు" అనేవాడు భ్రమ పోయిందని ఏడుస్తున్నాడా? తోచడమంటే బుద్ధికి అందడం. "నడుచును" అంటే ఎవరి లెక్కలో అన్నదే ఎగిరిపోయింది. మ్యూఆన్‌తో పాటు దిగేవాడికి దాని ఆయువు ఎప్పుడూ 2.2యే, అతని లెక్కలో ఎదురొచ్చే కొండే పొట్టిది.

గామా: సరే. "కనిపించును"కి మాత్రం ఒప్పుకోను. కాంతివేగంలో 0.6 వంతుతో మనవైపు వచ్చే గడియారాన్ని దుర్బిణిలో చూడండి, రెట్టింపు జోరుగా తిరుగుతుంది. ప్రతి టిక్కూ ముందటిదానికన్నా దగ్గర్నుంచి బయల్దేరుతుంది గనక. దూరమవుతుంటే సగం జోరు. కాంతి ప్రయాణానికి పట్టిన కాలం తీసేసి లెక్కకడితేనే 0.8 వంతు జోరు, రాకకైనా పోకకైనా. "తేలును" అనాలి. పుస్తకాల్లో సగం గందరగోళం ఈ క్రియ దగ్గరే.

పాతపలక: "తేలును" బాగుంది గానీ, నా వాక్యంలో "చు" ఉంది.

కందపద్యం: ఇవన్నీ మనకు కొత్తా? పోతన నవమస్కంధం తీయండి. రైవతుడు కూతుర్ని వెంటబెట్టుకుని బ్రహ్మలోకం వెళ్లి పాట వినేలోగా ఇక్కడ 27 మహాయుగాలు!

గామా: దిశ తిరగబడింది. ఎత్తున ఉన్న గడియారం త్వరపడుతుంది. 20,200 కి.మీ. పైనున్న జీపీఎస్ గడియారాలు గురుత్వం తగ్గడం వల్ల రోజుకు 45 మైక్రోసెకన్లు ముందుకు, వేగం వల్ల 7 వెనక్కి, నికరంగా 38 ముందుకు. బ్రహ్మలోకం పైనే ఉంటే రైవతుడే పండుముసలై దిగాలి.

కందపద్యం: పోతనకు జీపీఎస్ అంటగట్టకండి మహాప్రభో.

ఛందోబంది: ఇంతకీ తోఁచునులో అరసున్న ఎవరూ పెట్టరేం? పాతపలక గారూ, మీరు చూసిన ప్రతిలో ఉందా? ఉంటే అచ్చు ఏనాటిదో కొంత ఊహించవచ్చు.

పాతపలక: ఏదో చుక్కలాంటిది ఉంది. అరసున్నో, అచ్చు మరకో.