ఈఈజీ నార్మల్ వచ్చింది, మరి ఫిట్స్ మందు ఎందుకు?

కాకినాడ_పిన్ని:
మా అక్క కొడుకు తొమ్మిదో తరగతి. నెల తేడాలో రెండుసార్లు ఫిట్స్ వచ్చాయి, రెండూ పొద్దున లేచిన కాసేపటికే. ఈఈజీ నార్మల్ అని రిపోర్టు, అయినా న్యూరాలజిస్ట్ మందు మొదలుపెట్టారు. నార్మల్ అయితే మందెందుకని మా బావగారు ఒకటే గొడవ. ఇప్పుడు రాత్రి సరిగా నిద్రపోనివ్వకుండా తీసుకొస్తే మళ్లీ తీస్తామంటున్నారు, ఇదేం పరీక్షండీ? తలకి కరెంటు పెడతారేమోనని మా అమ్మకి టెన్షన్ వేరే.

గీతల_టెక్నీషియన్:
లోపలికి కరెంటు ఏమీ పోదండి. మెదడు కణాలు పుట్టించే కరెంటునే తలమీద అతికించిన ఇరవై చిల్లర ఎలక్ట్రోడ్లు పట్టుకుంటాయి, మిషను దాన్ని గీతలుగా గీస్తుంది, ఈఈజీ అంటే అదే. ఆ కరెంటు కూడా మైక్రోవోల్టుల్లో, అంటే చాలా చిన్నది, కాబట్టి పళ్లు కొరికినా గీతలు చెదిరిపోతాయి. తలకి నూనె వద్దనేది కూడా అందుకే (అమ్మమ్మలు ఒప్పుకోరు, తెలుసు).

మామూలు ఈఈజీ అరగంట. ఆ అరగంటలో స్పైకులు (మూర్ఛని సూచించే సూదిమొనల్లాంటి గీతలు) రాకపోతే నార్మల్ అనే రాస్తారు, అంతేగానీ మూర్ఛ లేదని కాదు. మూర్ఛ ఉన్నవాళ్లలో కూడా మొదటిసారి తీస్తే దాదాపు సగం మందిలోనే తేడా దొరుకుతుంది. నిద్ర చాలనప్పుడు, నిద్రలోకి జారేటప్పుడు స్పైకులు బయటపడే అవకాశం ఎక్కువ.

ఒకటి అడగనా, బాబుకి పొద్దున్నే చేతులు ఉన్నట్టుండి ఎగిరిపడటం ఉందా?

రాజు_హన్మకొండ:
ఈఈజీ 1924లో జర్మనీలో హన్స్ బెర్గర్ మొదలుపెట్టిన పాతకాలం పరీక్ష. ఎంఆర్‌ఐ తీయించండి, అన్నీ తెలుస్తాయి.

గీతల_టెక్నీషియన్:
పాతదే రాజు గారూ, కానీ ఎంఆర్‌ఐలో మెదడు ఆకారం కనిపిస్తుంది, అది ఎలా పనిచేస్తోందో కాదు. గడ్డో మచ్చో ఉంటే ఎంఆర్‌ఐ పట్టుకుంటుంది. ఏ మచ్చా లేకుండా వచ్చే మూర్ఛలు బోలెడు.

కాకినాడ_పిన్ని:
ఉందండీ! బ్రష్ చేతిలోంచి ఎగిరిపడుతోందని అక్క తిడుతూ ఉంటుంది, పరీక్షలప్పుడు రాత్రుళ్లు మేలుకుంటే మరీ. డాక్టరుకి చెప్పలేదు.

గీతల_టెక్నీషియన్:
వెంటనే చెప్పండి, వీలైతే ఫోన్‌లో వీడియో తీసి చూపించండి. టీనేజ్‌లో మొదలయ్యే ఒక రకం మూర్ఛ ఇలాగే ఉంటుంది, దానికి కొన్ని మందులు వాడితే ఆ ఎగిరిపాటు పెరుగుతుంది కూడా. అదో కాదో తేల్చాల్సింది డాక్టరే.

కాకినాడ_పిన్ని:
పరీక్ష రోజు మాత్ర ఆపాలా? పరగడుపునా?

గీతల_టెక్నీషియన్:
డాక్టరు చెప్తే తప్ప మాత్ర ఆపొద్దు. తినే రండి, కాఫీ, టీలు మాత్రం వద్దు. బాబుని బండి వెనకాల కూర్చోబెట్టకండి, నిద్రలేకుండా వస్తాడు కదా, ఆటోలో తీసుకురండి.