జట్కా కంచె: చివరి కూసం దగ్గర తీగ ముడి తెగుతోంది, ఓల్టేజీ పడిపోతోంది

ఆనేకల్_మామిడితోట

బెంగళూరు పక్కన ఆనేకల్ దగ్గర నాలుగెకరాల మామిడి తోట. అడవి పందుల కోసం ఐదు వరసల సోలార్ జట్కా కంచె (తాకితే షాకు కొట్టేది) వేస్తున్నాం. చుట్టుకొలత 520 మీటర్లు, గేటు ఒక్కటే, రాతి కూసాలు (స్తంభాలు) ఐదు మీటర్లకొకటి. తీగ 2.5 ఎంఎం హైటెన్సైల్ జీఐ (జింకు పూత ఉన్న గట్టి ఉక్కు తీగ). మూలమూలకీ తీగ కోసి, విడిగా ముడేసి కట్టారు పనివాళ్ళు.

కంచెకి కరెంటు దెబ్బలు పంపే మెషీన్ దగ్గర 7.4 కేవీ (7,400 ఓల్టులు) చూపిస్తోంది, గేటుకి అవతలి చివర 2.8 మాత్రమే. రెండు వరసలు ముడి దగ్గరే తెల్లవారుజామున తెగాయి. ఇంకో వరస తెగలేదు గానీ జారి వదులైంది. రాత్రిపూట ఒక మూల కూసం దగ్గర టిక్ టిక్ అని శబ్దం వస్తోంది.

చివరి కూసం దగ్గర తీగ కట్టే సరైన పద్ధతి ఏది? చేత్తో చుట్టాలా, స్లీవ్‌లు (తీగ మీద నొక్కే చిన్న లోహపు గొట్టాలు) నొక్కించాలా? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

బిగువు

అన్నా, మీ లక్షణాలకి వేరువేరు కారణాలు ఉన్నాయి. ముందు ముడి సంగతి.

మీ పనివాళ్ళు స్లాబు కడ్డీలు కట్టే అలవాటుతో కట్టి ఉంటారు. బైండింగ్ వైరు మెత్తన, రెండు కొసలూ కలిపి మెలితిప్పితే పట్టేస్తుంది. హైటెన్సైల్ తీగకి అది పనికిరాదు. రెండు పోగులూ తాడులా పెనవేసుకుంటే అసలు తీగ కూడా వంకర తిరుగుతుంది, లాగుడు పడగానే ఆ వంకర సాగి ముడి జారుతుంది. అసలు తీగ సూటిగా ఉండాలి, తోక మాత్రమే దాని చుట్టూ తిరగాలి. మొత్తం కిటుకు ఇదే.

చేసే వరస ఇది. మెషీన్ ఆపేయండి. కళ్ళద్దాలు పెట్టుకోండి, ఈ తీగ కోయగానే పాములా ఎగిరి ముఖానికి కొడుతుంది. ఇన్సులేటర్ (కరెంటు కూసంలోకి దిగకుండా ఆపేది) గాడిలోంచి తీగ దూర్చి 40 సెంటీమీటర్ల తోక వదలండి. ఇన్సులేటర్‌కి రెండు మూడు వేళ్ళ దూరంలో తోకని అసలు తీగ మీదికి దాదాపు అడ్డంగా తెచ్చి చుట్టడం మొదలుపెట్టండి. ఐదారు చుట్లు, ఒకదాన్ని ఒకటి ఆనుకుని, మధ్యలో వెలుతురు కనిపించకుండా. ఏటవాలుగా, ఎడంగా చుట్టిన చుట్టు ఎన్ని వేసినా జారుతుంది. మీ జారిన వరసకి అయింది అదే.

మిగిలిన తోకని కటింగ్ ప్లయర్‌తో కొయ్యొద్దు. తోకని ఎల్ ఆకారంలో వంచి, పిడిలా పట్టుకుని, బావి గిలక తిప్పినట్టు తిప్పండి. ఒకటి రెండు తిప్పులకే చుట్టు అంచున టక్కున విరుగుతుంది, మొన మిగలదు. ప్లయర్‌తో కోస్తే సెంటీమీటరు మొన మిగిలి చేతులు చీరుతుంది, కూసం వైపు తిరిగి ఉంటే అక్కణ్ణించి నిప్పురవ్వ కూడా దూకుతుంది.

ఇక తెల్లవారుజామున తెగడం. తీగ మొదటి చుట్టు దగ్గర తెగిందా చూడండి. అక్కడే అయితే ప్లయర్ పళ్ళ గాటే కారణం. హైటెన్సైల్ తీగ గట్టిది, కానీ గాటుని సహించదు. పగలు ఎండకి సాగి ఉన్న తీగ రాత్రి చలికి బిగుసుకుంటుంది. 20 డిగ్రీల తేడాకి ఈ మందం తీగలో 24 కేజీల దాకా లాగుడు పెరుగుతుంది, పొడవెంతైనా అంతే. గాటు ఉన్నచోటే అది తెగుతుంది. అసలు తీగని ప్లయర్‌తో పట్టుకోవద్దు, పట్టాల్సి వస్తే నున్నటి దవడల క్లాంపు వాడండి. ఒకసారి మడత పడిన తీగని సాపు చేసి వాడొద్దు, ఆ ముక్క కోసి పారేయండి.

రాతికూసం_కోలారు

పైన చెప్పిన చుట్టు పద్ధతి సరే. నేను కూసం వైపు సంగతి చెప్తా, టిక్ టిక్ అక్కడిదే.

రాయి కరెంటుని ఆపుతుందని చాలామంది అనుకుంటారు. ఎండినప్పుడు కొంతవరకు నిజమే. మంచు పట్టినా, వాన తడిసినా రాతి కూసం మీదుగా కరెంటు నేలలోకి దిగుతుంది. అందుకే చివరి కూసానికి, మూల కూసానికి లాగుడు తట్టుకునే స్ట్రెయిన్ ఇన్సులేటరే పెట్టాలి. మధ్య కూసాలకి వాడే ప్లాస్టిక్ బొత్తాం ఇన్సులేటర్ తీగని మోయడానికే గానీ లాగుడు తట్టుకోవడానికి కాదు. 90 కేజీల బిగువులో తీగ నెలల తరబడి ప్లాస్టిక్‌ని కోసుకుంటూ లోపలికి దిగి మేకుని తాకుతుంది. హోస్ పైపు ముక్క తొడిగి ముడేసే వాళ్ళూ ఉన్నారు. ఎండకి పైపు పగులుతుంది, పగుల్లోంచి రవ్వ దూకి దూకి నల్లటి చార పడుతుంది. ఆ చార పడ్డాక అది బొగ్గు, కరెంటు దారి అదే. రాత్రి టార్చి ఆపేసి శబ్దం వచ్చే కూసం దగ్గర నిలబడి చూడండి, నీలం రవ్వ కనిపిస్తుంది.

పింగాణీ ఎగ్ ఇన్సులేటర్ కొంటే తీగలు దూర్చే తీరు చూసుకోండి. అందులో రెండు రంధ్రాలూ ఒకదానికొకటి అడ్డంగా ఉంటాయి, రెండు లూపులూ ఒకదానిలోంచి ఒకటి పోయినట్టు పడతాయి, మధ్యలో పింగాణీ నలుగుతూ ఉంటుంది. పింగాణీకి నలుగుడు బలం, లాగుడు బలహీనం, అందుకే ఆ ఏర్పాటు. పగిలినా తీగ కింద పడదు, కానీ కూసం కట్టుకి తగిలి షార్ట్ అవుతుంది. తీగ తెగనే లేదు, ఓల్టేజీ మాత్రం పోయిందంటే ముందు పగిలిన గుడ్డు కోసం వెతకండి.

హైటెన్సైల్ తీగని నేరుగా రాతికి చుట్టొద్దు. రాతి అంచు జింకు పూతని గీకేస్తుంది, ఆర్నెల్లలో తుప్పు. కూసానికి 8 గేజి మెత్తటి జీఐ తీగతో రెండు చుట్ల కట్టు వేసి, ఆ కట్టుకి ఇన్సులేటర్ తగిలించండి. కట్టు కొసలు వెనక్కి మడవండి. కరెంటు తీగ తోకకీ ఈ కట్టుకీ మధ్య కనీసం 5 సెంటీమీటర్లు ఎడం ఉండాలి.

ఇంకో మాట. ఐదు వరసలు ఒక్కోటి 90 కేజీలు అంటే చివరి కూసం మీద 450 కేజీల లాగుడు. నైంటీ డిగ్రీల మూల మీద రెండు వైపులా కలిసి లోపలికి 630 కేజీల పైనే. రాతి కూసం అడ్డ లాగుడికి పుటుక్కున విరిగే రకం. మూలల్లో లోపలివైపు ఐమూలగా ఇంకో కూసం ఊతంగా నిలబెట్టి, అడుగున కాంక్రీటు పోయండి. కూసం రెండు వేళ్ళు వాలినా అన్ని వరసలూ వదులవుతాయి, అప్పుడు ముడిని తిట్టి లాభం లేదు.

ఆనేకల్_మామిడితోట

మొదటి చుట్టు దగ్గరే తెగింది, గాటు కనిపిస్తోంది. మూలల్లో ఉన్నవి మీరన్న హోస్ పైపు ముక్కలే. స్లీవ్‌ల గురించి ఎవరూ చెప్పలేదు. అవి చేతి ముడి కంటే మేలా?

పలమనేరు_ఫెన్సింగ్

స్లీవే మేలు. చేత్తో బాగా చుట్టడం పదిమందిలో ఇద్దరికే వస్తుంది. స్లీవ్ ఎవరు నొక్కినా ఒకేలా పడుతుంది, టూలు సరైనదైతే.

చివరి కట్టుకి రెండు స్లీవ్‌లు, మధ్యలో తెగిన తీగ అతకడానికి మూడు. స్లీవ్ సైజు 2.5 ఎంఎం తీగకి తగ్గదే కావాలి. రెండు పోగులూ అందులో కాస్త బిగువుగా దూరాలి. లొడలొడలాడితే సైజు తప్పు. తోక స్లీవ్ దాటి సెంటీమీటరు బయటికి రావాలి, స్లీవ్‌కీ స్లీవ్‌కీ ఒక వేలు ఎడం. మామూలు ప్లయర్‌తోనో సుత్తితోనో నొక్కింది స్లీవ్ కాదు, అలంకారం. పొడవాటి చేతుల క్రింపింగ్ టూలు కావాలి. బెంగళూరు ఎస్‌జేపీ రోడ్డు హార్డ్‌వేర్ దుకాణాల్లో అడగండి, తీగ ముక్క చేత్తో పట్టుకెళ్ళండి. పూత లేని రాగి స్లీవ్ అంటగట్టబోతారు, వద్దనండి. రాగి, జింకు కలిసి తడిస్తే జింకు తినేయబడుతుంది.

బిగువు మాత్రం 150 కేజీల దాకా లాగేయండి, పంది తోసినా వంగదు.

బిగువు

150 వద్దు. పందిని ఆపేది షాకు, తీగ గట్టితనం కాదు. 70 నుంచి 100 కేజీలు చాలు. పైన చెప్పిన చలి లాగుడు, జంతువు గుద్దిన లాగుడు దాని మీద కలుస్తాయి. రాతి కూసాలకి ఎంత తక్కువ పడితే అంత మంచిది.

స్లీవ్ బాగుంటుంది, కాదనను. పది కట్ల కోసం టూలు కొనాలా అన్నది లెక్క. ఎందుకు పదే అంటున్నానంటే, మూలమూలకీ కోసి కట్టడమే మీ మొదటి తప్పు. ఒక్కో వరస గేటు కూసం దగ్గర మొదలై, మూలల్లో ఇన్సులేటర్ చుట్టూ తిరిగి, గేటు అవతలి కూసం దగ్గర ముగియాలి. మూలల్లో ముడి ఉండదు. ఐదు వరసలకీ చివరి కట్లు మొత్తం పదే. ఇప్పుడు మీకు మూలకి రెండు చొప్పున ఎన్ని ఉన్నాయో మీరే లెక్కేసుకోండి. ప్రతి ముడీ ఒక తుప్పు, ఒక నష్టం.

బిగించే రాచెట్ చివర పెట్టొద్దు. వరస పొడవు మధ్యలో పెట్టండి, రెండు వైపులకీ సమంగా లాగుతుంది. మీ 520 మీటర్లకి వరసకి రెండు, ఎదురెదురు పొడుగు వైపుల్లో. ముందు రెండు చివరలూ కట్టేసి, ఆ తర్వాతే బిగించాలి. మధ్య కూసాల దగ్గర తీగ ఇన్సులేటర్‌లో అటూ ఇటూ జారాలి, అక్కడ గట్టిగా కట్టేస్తే రాచెట్ బిగువు చివరిదాకా పోదు.

జింకుపూత

ముడి గురించి అంతా చెప్పారు, కరెంటు గురించి ఎవరూ ముట్టుకోలేదు. 7.4 నుంచి 2.8కి పడింది ఒక్క హోస్ పైపు వల్లే కాకపోవచ్చు.

లాగుడు పని ముడిది, కరెంటు పని క్లాంపుది. ఒకదానితో రెండో పని చేయించొద్దు. చుట్టిన ముడి కొత్తగా ఉన్నప్పుడు కరెంటు బాగానే పోతుంది, రెండు వానాకాలాలు పడ్డాక చుట్ల మధ్య తెల్లటి పొర పడుతుంది. వరసకి వరస కలిపే చోట, తీగ అతికిన చోట జీఐ జాయింట్ క్లాంపు బోల్టుతో బిగించాలి. చివర తోకని విరిచేయకుండా పై కరెంటు వరస అందేంత పొడుగు వదిలితే అదే జంపర్ (వరసలు కలిపే తీగ) అవుతుంది, ఒక జాయింట్ తగ్గుతుంది. ముందే ఆలోచించి తోక వదలండి, తర్వాత అతకలేరు.

మెషీన్ నుంచి కంచెకి ఇంటి వైరింగ్ వైరు వేశారా? దాని ఇన్సులేషన్ 1100 ఓల్టులకి తయారైంది, మీరు పంపేది ఏడువేల పైన. మట్టిలో, పైపులో అది పంక్చరై కరెంటు నేలలోకి కారుతుంది. కంచె కోసమే వచ్చే డబుల్ ఇన్సులేషన్ కేబుల్ వేయండి.

తర్వాత ఎర్త్, అంటే మెషీన్‌ని నేలకి కలిపే రాడ్లు. ఆనేకల్ వైపు ఎర్ర నేల, ఎండాకాలం రాయిలా ఎండుతుంది. ఆరడుగుల జీఐ రాడ్లు మూడు, మూడేసి మీటర్ల ఎడంలో, ఇంటి ఎర్తింగ్‌కి కనీసం 10 మీటర్ల దూరంలో. పరీక్ష ఇలా: మెషీన్ ఆపి, దానికి 100 మీటర్ల దూరంలో కరెంటు వరసకి ఇనప రాడ్లు ఆనించి నేలలో గుచ్చండి, ఆన్ చేసి ఓల్టేజీ 2 కేవీ కంటే తగ్గిందా చూడండి. తగ్గాక చివరి ఎర్త్ రాడ్‌కీ, మీటరు దూరంలో గుచ్చిన ఇంకో చువ్వకీ మధ్య కొలవండి. 0.3 కేవీ మించితే ఇంకో రాడ్ దింపాలి. కంచె మీటరుతోనే కొలవండి, మామూలు మల్టీమీటర్ కాలిపోతుంది.

వరసలు నేల నుంచి 20, 40, 65, 90, 120 సెంటీమీటర్లు పెట్టి, ఒకటి, మూడు, ఐదు కరెంటుకి, రెండు, నాలుగు ఎర్త్‌కి ఇవ్వండి. ఎండిన నేలలో పంది కాళ్ళలోంచి కరెంటు దిగకపోయినా రెండు తీగలు తగిలితే చాలు. ఎర్త్ వరసల్ని ఇన్సులేటర్ లేకుండా కూసం కట్టుకే కట్టొచ్చు. కింది వరసకి గడ్డి తగలకుండా వానల్లో పదిహేను రోజులకోసారి కోయించండి.

ఇది చదివే వేరేవాళ్ళకి: ఓల్టేజీ చాలట్లేదని మోటారు లైను నేరుగా తీగకి తగిలించేవాళ్ళు ఉన్నారు. మెషీన్ సెకనుకి ఒక్క దెబ్బ కొడుతుంది, అదీ సెకనులో వందో వంతు కంటే తక్కువ సేపు, అందుకే మనిషి చెయ్యి విడిపించుకోగలడు. లైను కరెంటు వదలదు. ఏనుగులూ, రైతులూ చచ్చేది దానివల్లే. అది నేరం కూడా.

ఆనేకల్_మామిడితోట

లీడ్ వైరు ఇంటి వైరే వేశారు. మార్చేస్తాం. ఒక్క సందేహం: గేటు దగ్గర రెండు చివరలూ కలిపి రింగు మూయకపోతే కరెంటు తిరగదంటున్నాడు పనివాడు.

జింకుపూత

తిరగక్కర్లేదు. జంతువు తాకినప్పుడు నేల మీదుగా మెషీన్ ఎర్త్‌కి చేరి సర్క్యూట్ పూర్తవుతుంది. రింగు మూస్తే లాభం ఒక్కటే, ఒకచోట తీగ తెగినా రెండో వైపు నుంచి అందుతుంది. నష్టమూ ఉంది, తప్పు ఎక్కడో వెతకడం కష్టం. మూయాలనుకుంటే గేటు కింద అడుగున్నర లోతులో పైపు వేసి, అదే డబుల్ ఇన్సులేషన్ కేబుల్ దాటించి, రెండు వైపులా క్లాంపుతో కలపండి, ఒకవైపు కటాఫ్ స్విచ్ పెట్టండి. పైపు కొసలు కిందికి వంచండి, నీళ్ళు దిగకుండా.

రాతికూసం_కోలారు

గేటు కూసాలకీ ఊతం మర్చిపోవద్దు. మూలకి పెట్టి గేటుకి వదిలేస్తుంటారు. ఐదు వరసల లాగుడూ ఆగేది ఆ రెండు కూసాల మీదే.