సి డ్రైవ్ నిండింది, విండోస్ 11 కొత్తగా వేస్తున్నా: శాంపిల్స్ ఎక్కడ, ప్లగిన్లు ఎక్కడ?

మద్దిలపాలెం_మిక్స్:
గురువులూ, మ్యూజిక్ రికార్డింగ్‌కి వాడే నా పీసీలో 512 జీబీ ఎన్‌వీఎమ్‌ఈ (వేగమైన రకం ఎస్‌ఎస్‌డీ) మీద సి డ్రైవ్ ఉంది. 1 టీబీ హార్డ్‌డిస్క్‌ని డి, ఇ, ఎఫ్ అని మూడు ముక్కలు చేసి వాడుతున్నా. సి లో 18 జీబీయే మిగిలింది. వాడేవి: రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ క్యూబేస్, శాంపిల్స్ (ముందే రికార్డు చేసిన వాయిద్యాల శబ్దాలు) వాయించే కొంటాక్ట్, వేవ్స్ కంపెనీ ప్లగిన్లు (క్యూబేస్ లోపల నడిచే చిన్న ప్రోగ్రాములు), ఐలాక్ లైసెన్స్ అడిగే ప్లగిన్లు నాలుగు. కొంటాక్ట్ లైబ్రరీలు 280 జీబీ, ఇ లో ఉన్నాయి. తప్పెటగుళ్లు, డప్పు, సన్నాయి మేం రికార్డు చేసుకున్నవి ఇంకో 40 జీబీ. స్ట్రింగ్స్ ప్యాచ్ (కొంటాక్ట్‌లో తెరిచే వాయిద్యం ఫైల్) లోడవడానికి నిమిషం దాటుతోంది, వాయిస్తే మధ్యలో నోట్లు ఎగిరిపోతున్నాయి. కొత్తగా 1 టీబీ సాటా ఎస్‌ఎస్‌డీ (ఎన్‌వీఎమ్‌ఈ కంటే నెమ్మది రకం) కొన్నా. దీన్నీ మూడు పార్టిషన్లు చేయాలా? లైబ్రరీలు మళ్లీ డౌన్‌లోడ్ చేయాలా? ఇంటి నెట్ 40 ఎంబీపీఎస్.

సీతమ్మధార_ఫేడర్:
వద్దు గురూ, ఒక్కటే పార్టిషన్. డి, ఇ, ఎఫ్ అని పేర్లు మూడున్నా డిస్క్ ఒకటే. పాడైతే మూడూ ఒకేసారి పోతాయి.

నోట్లు ఎగరడానికి కారణం ఇదీ. కొంటాక్ట్ ప్రతి శాంపిల్ మొదటి ముక్కనే ర్యామ్‌లో పెట్టుకుంటుంది, మిగతాది నువ్వు కీ నొక్కాక డిస్క్ నుంచి లాగుతుంది. 60 వాయిస్‌లు (ఒకేసారి వినిపించే శబ్దాలు) మోగితే 60 చోట్ల నుంచి చదవాలి. హార్డ్‌డిస్క్ హెడ్ ఒక చోటి నుంచి ఇంకో చోటికి వెళ్లడానికే 10 మిల్లీసెకన్ల దాకా పడుతుంది, ఇక ఎక్కడ అందుకుంటుంది? ఎస్‌ఎస్‌డీలో ఆ తిరుగుడు లేదు. సాటా అయినా సెకనుకి 500 ఎంబీ పైన ఇస్తుంది, శాంపిల్స్‌కి అది చాలు.

రికార్డింగ్ విషయం వేరు. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ మోనో ట్రాక్ సెకనుకి 144 కేబీ మాత్రమే, 30 ట్రాకులు కలిపినా 4.3 ఎంబీ, శాంపిల్స్‌తో ఒకే ఎస్‌ఎస్‌డీలో ఉన్నా ఇబ్బంది లేదు. కాబట్టి సి లో విండోస్, క్యూబేస్, ప్లగిన్లు. ఎస్‌ఎస్‌డీలో శాంపిల్స్, నడుస్తున్న ప్రాజెక్టులు. హార్డ్‌డిస్క్‌లో అయిపోయినవి, బ్యాకప్. వీఎస్‌టీ3 రకం ప్లగిన్లను వేరే డ్రైవ్‌కి మార్చాలని చూడకు. వాటి చోటు సి లో ప్రోగ్రామ్ ఫైల్స్, కామన్ ఫైల్స్ కింద వీఎస్‌టీ3 ఫోల్డర్, అంతే.

విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఎస్‌ఎస్‌డీకి ఎస్ అనే అక్షరం ఇచ్చి ఇక మార్చకు. అక్షరం మారితే "శాంపిల్స్ మిస్సింగ్" అని పాత ప్రాజెక్టులన్నీ మొరాయిస్తాయి.

గాజువాక_కీస్:
డ్రైవులు ఎలా పంచినా తర్వాత సర్దుకోవచ్చు. ఫార్మాట్‌కి ముందు మరిచిపోయిందే ఏడిపిస్తుంది.

లైసెన్సులు ముందు. వేవ్స్ సెంట్రల్ తెరిచి అన్నీ క్లౌడ్‌కి పంపు. ఐలాక్ లైసెన్స్ మేనేజర్‌లో ఈ కంప్యూటర్ మీద ఉన్నవి డీయాక్టివేట్ చెయ్యి. లైసెన్సులు దాచే యూఎస్‌బీ డాంగిల్ మీద ఉంటే పీకి పక్కన పెడితే చాలు. క్యూబేస్‌కి దాని కంపెనీ స్టైన్‌బర్గ్ యాక్టివేషన్ మేనేజర్‌లో అదే పని. చెయ్యకుండా తుడిచేస్తే ఆ యాక్టివేషన్ పాత విండోస్ పేరు మీదే ఉండిపోతుంది, సపోర్ట్‌కి మెయిళ్లు రాసుకుంటూ కూర్చోవాలి.

తర్వాత క్యూబేస్ ప్రొఫైల్ మేనేజర్ నుంచి సెట్టింగ్స్ ఎగుమతి చేసుకో. డాక్యుమెంట్స్‌లోనూ, యాప్‌డేటా, ప్రోగ్రామ్‌డేటాల్లోనూ ప్రీసెట్లు (నువ్వు సేవ్ చేసుకున్న ప్లగిన్ సెట్టింగ్స్) దాక్కుని ఉంటాయి. ఆ రెండూ హిడెన్ ఫోల్డర్లు, ముందు కనిపించేలా చెయ్యి. ప్రతి ప్రాజెక్టుకీ 'ప్రిపేర్ ఆర్కైవ్' నొక్కు. డెస్క్‌టాప్ మీదా డౌన్‌లోడ్స్‌లోనూ పడి ఉన్న ఆడియో ప్రాజెక్టు ఫోల్డర్‌లోకి వచ్చేస్తుంది. అందరూ వదిలేసేది ఇదే.

విండోస్ వేసేటప్పుడు సి ఉన్న ఎన్‌వీఎమ్‌ఈ తప్ప మిగతా డ్రైవుల కేబుళ్లు పీకెయ్. లేకపోతే బూట్ పార్టిషన్‌ని వేరే డిస్క్ మీద పెట్టేసే అలవాటు దానికుంది. రేపు ఆ డిస్క్ తీస్తే పీసీ లేవదు.

వేశాక వరస: చిప్‌సెట్, గ్రాఫిక్స్ డ్రైవర్లు, ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకులు కలిపే పెట్టె) ఏఎస్‌ఐఓ డ్రైవర్, క్యూబేస్, ఆపైన ప్లగిన్లు. వన్‌డ్రైవ్ డాక్యుమెంట్స్‌ని తన కింద పెట్టుకుంటానంటే ఒప్పుకోకు, ప్రీసెట్ల దారులు తప్పుతాయి.

మద్దిలపాలెం_మిక్స్:
థాంక్స్ గురూ. మరి ఆ 280 జీబీ? కాపీ చేస్తే కొంటాక్ట్ గుర్తుపడుతుందా?

సీతమ్మధార_ఫేడర్:
లెక్క వేసుకో. 40 ఎంబీపీఎస్‌లో 280 జీబీ అంటే ఆగకుండా వచ్చినా 15 గంటలు దాటుతుంది. మధ్యలో కరెంటు పోతే సరేసరి. హార్డ్‌డిస్క్ నుంచి సెకనుకి 120 ఎంబీ వచ్చినా ముప్పావు గంటలోపు పని. కాపీయే చెయ్యి.

కొంటాక్ట్ కంపెనీ యాప్ నేటివ్ యాక్సెస్‌లో రిజిస్టరైన లైబ్రరీలకి కొత్త ఫోల్డర్ చూపిస్తే చాలు. అందులో లేనివి, అంటే మీ డప్పు, సన్నాయి ప్యాచ్‌ల లాంటివి, కొంటాక్ట్ ఫైల్ మెనూలో 'బ్యాచ్ రీ-సేవ్'తో దారి మార్చాలి. అది ప్యాచ్ ఫైళ్ల మీదే తిరగరాస్తుంది, ముందు ఒక కాపీ తీసిపెట్టు. శాంపిల్స్ అన్నీ తెరుచుకున్నాకే ఇ ని తుడువు.

గాజువాక_కీస్:
ఆ 40 జీబీకి మాత్రం రెండో కాపీ బయటి డ్రైవ్‌లో, వేరే ఇంట్లో ఉంచు. కొన్న లైబ్రరీ పోతే మళ్లీ దింపుకోవచ్చు, తప్పెటగుళ్ల టేకులు ఎవరూ ఇవ్వరు. బీచ్ వైపు ఇల్లయితే ఉప్పు గాలికి కనెక్టర్లు తుప్పు పడతాయి, సిలికా జెల్ వేసిన మూత డబ్బాలో పెట్టండి.