కూగర్ మౌంటెన్‌లో ట్రెయిల్ పనికి వెళ్లినవాళ్లున్నారా?

ఇస్సాక్వా_నాన్న: వచ్చే శనివారం మా అబ్బాయితో కలిసి సియాటిల్ దగ్గరి కూగర్ మౌంటెన్‌లో ట్రెయిల్ పనికి, అంటే అడవిలో కాలిబాటలు బాగుచేసే స్వచ్ఛంద సేవకి, పేరిచ్చాను. వాడికి పన్నెండేళ్లు. బూట్లు ఎలాంటివి వేసుకోవాలి? పనిముట్లు వాళ్లే ఇస్తారా? వాన పడితే పని ఆపేస్తారా? ట్రెయిల్ మొదలయ్యే రెడ్ టౌన్ దగ్గర పొద్దున్నే పార్కింగ్ దొరుకుతుందా?

బెల్వ్యూ_శైలజ: ఇక్కడ వానలోనే అసలు పని తెలిసేదండీ. పోయిన నవంబరులో మాకు దారి మధ్యలో పెద్ద బురదగుంట అప్పజెప్పారు. జనం దాన్ని తప్పించుకుని పక్కనుంచి నడిచీ నడిచీ ఫెర్న్ మొక్కలన్నీ తొక్కేశారు, అడుగున్నర దారి ఆరడుగులైంది. దిగువ అంచున మట్టి గట్టులా పేరుకుని నీళ్లను ఆపేస్తోంది. ఆ గట్టుకి గండి కొట్టగానే కాఫీరంగు నీళ్లు ఆకుల్ని తోసుకుంటూ లోయలోకి దిగిపోయాయి. పది నిమిషాల్లో గుంట అడుగు కనపడింది. మా పాప ఇప్పటికీ ఆ చోటు దాటేటప్పుడు ఆగి చూస్తుంది.

రైతుబిడ్డ_కరీంనగర్: నేను వేరే పార్కులో ఒక్కసారి వెళ్లాను, మళ్లీ వెళ్లను. గ్రబ్ హో అని చేతికిచ్చారు. చూడగానే ప్రాణం లేచొచ్చింది, అచ్చం మన పారే! అలవాటు కొద్దీ భుజాన వేసుకున్నా. ఇరవై ఏళ్ల పిల్ల అందరి ముందూ ఆపి దించమంది. మా నాన్న నలభై ఏళ్లు పార భుజాన వేసుకునే పొలం గట్ల మీద నడిచాడు, ఒక్కరికి గీత పడలేదు. పార పట్టడం నాకు నేర్పుతారా? ఆ తర్వాత రోజంతా నాతో బకెట్లలో కంకర మోయించారు.

ట్రెయిల్_మూర్తి: అరవై రోజులకు పైగా ఈ పని చేసినవాణ్ణి, చెప్తున్నా. ఆ అమ్మాయి చేసిందే రైటు. పనిముట్టు ఎప్పుడూ దిగువ వైపు చేతిలో, తల దగ్గర పట్టుకుని, పదును కిందికి ఉండేలా మోయాలి. కాలు జారితే లోయ వైపు విసిరేయొచ్చు. భుజాన ఉంటే మెడ మీదికే వస్తుంది. మనిషికీ మనిషికీ పదడుగుల దూరం ఉండాల్సిందే.

రైతుబిడ్డ_కరీంనగర్: పొలం గట్టు మీద జారదా? నాట్ల టైములో ఎప్పుడైనా నడిచారా మీరు?

ట్రెయిల్_మూర్తి: గట్టు మీద జారితే మడిలో పడతారు. ఇక్కడ తడిసిన వేళ్ల మీద జారితే వెనకాల వస్తున్నవాడి మొహం మీద పార పడుతుంది. ఆ వెనకాల ఈయన కొడుకే ఉండొచ్చు. మీ పౌరుషం కోసం పిల్లలకి దెబ్బ తగలాలా?

రైతుబిడ్డ_కరీంనగర్: మాటలు జాగ్రత్త. నాకూ పిల్లలున్నారు.

బెల్వ్యూ_శైలజ: మూర్తిగారూ, రూలు సరే, చెప్పే తీరు బాగాలేదు. రైతుబిడ్డ గారూ, కంకర మోయించడం శిక్ష కాదండీ. గుంట ఎండాక కంకర పోసి దిమ్మిస చేయకపోతే రెండు వానలకి మళ్లీ బురదే. మా టీములో అందరం వంతులవారీగా మోశాం.

రెంటన్_రవి: నాకు మాత్రం పులాస్కీయే ఇష్టం. ఒకవైపు గొడ్డలి, ఇంకోవైపు చిన్న పార. 1910 కార్చిచ్చులో ఐడహోలో తన మనుషుల్ని గని సొరంగంలోకి తోలి కాపాడిన రేంజర్ ఎడ్ పులాస్కీ పేరే దానికి. ఇంతకీ కూగర్ మౌంటెన్ కిందా పాత బొగ్గుగనులే. నేల కుంగొచ్చు, అక్కడ దారి వదిలి పొదల్లోకి వెళ్లొద్దు. మీ అబ్బాయికి ముందే చెప్పండి.

కెంట్_పద్మ: మమ్మల్నయితే హిమాలయన్ బ్లాక్‌బెర్రీ అనే ముళ్ల కలుపుపొద పీకడానికి పెట్టారు. పేరు చూసి మన దేశం మొక్క కదా అని జాలిపడ్డాను. తీరా చూస్తే అది ఆర్మేనియా వైపుదట, లూథర్ బర్బాంక్ 1885లో ఇక్కడికి తెచ్చి ఆ పేరు పెట్టాడు. కొమ్మ కొస నేలకి తగిలిన చోటల్లా వేరు దిగుతుంది. పైన నరికితే లాభం లేదు, మొదలు దుంపతో సహా రావాలి. చర్మం చేతిగ్లవుజులు లేకుండా వెళ్లకండి.

వైజాగ్_వాణి: మా కంబాలకొండ అభయారణ్యంలో లాంటానా అనే కలుపుపొద కూడా అంతే. నరికితే నాలుగింతలు మొలుస్తుంది. నేలలోపల రెండంగుళాల కింద తల్లివేరు తెగ్గొట్టి, మొక్కని తలకిందులు చేసి ఎండబెట్టాలి. కానీ అభయారణ్యంలో మన ఇష్టానికి కత్తి పట్టుకుని పోకూడదు, 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అటవీశాఖ అనుమతి కావాలి. పోయినసారి ఆ కాగితం కోసం మూడు వారాలు తిరిగాం. మీకు పేరిస్తే చాలు, ఎంత అదృష్టమో తెలుసా?

ట్రెయిల్_మూర్తి: బూట్లు చీలమండ దాకా ఉండాలి, ఫుల్ ప్యాంటు, రెండు లీటర్ల నీళ్లు. పనిముట్లూ హెల్మెట్లూ మామూలుగా వాళ్లే ఇస్తారు. పిల్లల వయసు రూలు సైన్అప్ పేజీలో ఉంటుంది, చూసుకోండి. రైతుబిడ్డ గారూ, పిల్లల మాట ఎత్తాల్సింది కాదు. క్షమించండి. మట్టి పని తెలిసినవాళ్లు మాకు కావాలి. నీళ్లు నిలవకుండా దారిని దిగువకి కొద్దిగా వాలుగా చెక్కడం కొత్తవాళ్లకి ఎంత చెప్పినా రాదు.

రైతుబిడ్డ_కరీంనగర్: వాలు చూసి చెక్కడం నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. శనివారం ఎన్ని గంటలకి?

ఇస్సాక్వా_నాన్న: ఎనిమిదిన్నరకి. పార్కింగ్ సంగతి ఎవరూ చెప్పలేదు, ఏడున్నరకే వచ్చేస్తాం.