కరీబియన్ దీవుల మధ్య చిన్న విమానాలు: నష్టాన్ని ప్రభుత్వాలు భరించాలా?

కడలిదారి (చర్చ ప్రారంభం)

2024 టీ20 ప్రపంచకప్ చివరి దశలో భారత జట్టు జూన్ 20న బార్బడోస్‌లో, 22న ఆంటిగ్వాలో, 24న సెయింట్ లూసియాలో, 27న గయానాలో ఆడి, 29న ఫైనల్‌కు మళ్లీ బార్బడోస్ చేరింది. పది రోజుల్లో నాలుగు దేశాలు. జట్ల ప్రయాణం నిర్వాహకులు చూసుకున్నారు. అదే దారిలో సొంత డబ్బుతో వెళ్లవలసిన అక్కడి ఉపాధ్యాయుడికో చిన్న వ్యాపారికో అది ఏమాత్రం తేలిక కాదు.

తూర్పు కరీబియన్ దీవులను దశాబ్దాలపాటు కలిపి ఉంచిన విమాన సంస్థ లియాట్. 1956లో మాంట్‌సెరాట్‌లో ఒక చిన్న విమానంతో మొదలై, తరువాత ఆంటిగ్వా కేంద్రంగా పెరిగింది. బార్బడోస్, ఆంటిగ్వా, సెయింట్ విన్సెంట్, డొమినికా ప్రభుత్వాలు ప్రధాన వాటాదారులుగా దాని నష్టాలను మోశాయి. 2020లో అది కూలిపోయింది. 2024 ఆగస్టులో నైజీరియాకు చెందిన ఎయిర్ పీస్, ఆంటిగ్వా ప్రభుత్వం కలిసి లియాట్ 20 పేరుతో కొత్త సంస్థను నడపడం మొదలుపెట్టాయి. ఇంటర్ కరీబియన్, కరీబియన్ ఎయిర్‌లైన్స్, విన్‌ఎయిర్ వంటివి కూడా తిరుగుతున్నాయి. పొరుగు దేశాల మధ్య ఇలాంటి చిన్న విమానాలను ప్రజాధనంతో నిలబెట్టాలా, మార్కెట్‌కు వదిలేయాలా అన్నదే నా ప్రశ్న.

లెక్కలమాస్టారు

వదిలేయాలనే నా అభిప్రాయం. దూరం తక్కువ కాబట్టి ఖర్చు తక్కువ అనుకోవడం దగ్గరే చాలామంది పొరబడుతున్నారు. విమానం పైకి ఎక్కేటప్పుడే ఇంధనం ఎక్కువగా తాగుతుంది, చక్రాల వ్యవస్థ తనిఖీలు ఎన్నిసార్లు ఎగిరి దిగిందన్న లెక్కమీద వస్తాయి, విమానాశ్రయం రుసుము ప్రతి ల్యాండింగ్‌కూ కట్టాలి. అరగంట ప్రయాణానికైనా నాలుగు గంటల ప్రయాణానికైనా ఇవన్నీ ఒకసారి తప్పవు. కానీ అరగంట ప్రయాణంలో ఆ ఖర్చును యాభై, అరవై మందికే పంచాలి.

ఆ సీట్లయినా నిండాలి కదా. డొమినికా జనాభా సుమారు 70 వేలు, సెయింట్ కిట్స్-నెవిస్‌ది సుమారు 50 వేలు. మన దగ్గర ఒక మున్సిపాలిటీ పాటి దేశాలు. ఇంత చిన్న ఖజానాల మీద ఒక విమాన సంస్థ బరువు పెడితే ఆసుపత్రికీ బడికీ కోత పడుతుంది. లియాట్ కథ ముగిశాక దాని ఉద్యోగులకు రావలసిన బకాయిలు ఏళ్లతరబడి తేలలేదన్న విషయాన్ని కూడా ఈ లెక్కలో వేయాలి.

మన అనుభవమూ ఇదే చెబుతోంది. 2017 ఏప్రిల్ 27న, చిన్న ఊళ్ల విమానాలకు కేంద్రం సబ్సిడీ ఇచ్చే ఉడాన్ పథకం కింద కడప-హైదరాబాద్ విమానం మొదలైనప్పుడు రాయలసీమవాళ్లమంతా సంతోషించాం. 2023లో కాగ్ ఇచ్చిన నివేదిక ప్రకారం, మొదటి మూడు విడతల్లో కేటాయించిన 774 మార్గాల్లో సబ్సిడీ గడువు దాటాక కూడా నడిచినవి 54 మాత్రమే.

ఆంటిగ్వావాసి

మాస్టారూ, మీ లెక్కను కాదనను. అయితే కడప నుంచి హైదరాబాద్‌కు విమానం ఆగిపోతే రైలుంది, బస్సుంది. ఇక్కడ విమానం ఆగితే దారే లేదు. ఈ ఒక్క తేడాతో మీ పోలిక నిలవదని నా నమ్మకం.

వెస్టిండీస్ విశ్వవిద్యాలయం ప్రాంగణాలు జమైకాలో, బార్బడోస్‌లో, ట్రినిడాడ్‌లో, 2019 నుంచి ఆంటిగ్వాలో ఉన్నాయి. తూర్పు కరీబియన్ సుప్రీంకోర్టు అప్పీలు ధర్మాసనం ఒక్క చోట కూర్చోదు. దీవి తరువాత దీవికి వెళ్లి విచారణలు జరుపుతుంది. పెద్ద శస్త్రచికిత్స అవసరమైతే చిన్న దీవి రోగి బార్బడోస్‌కో ట్రినిడాడ్‌కో వెళ్లాలి. అంటే చదువు, న్యాయం, వైద్యం అన్నీ సముద్రం దాటి ఉన్నాయి. 2025 అక్టోబరు 1 నుంచి బార్బడోస్, బెలీజ్, డొమినికా, సెయింట్ విన్సెంట్ దేశాల పౌరులు ఈ నాలుగింటిలో ఎక్కడైనా నివసించి పని చేసుకోవచ్చు. సంతకాలతో వచ్చిన ఆ హక్కు టికెట్ కొనలేనివాడికి దేనికి పనికొస్తుంది?

మార్కెట్‌కు వదిలితే ఏమవుతుందో కూడా ఇక్కడివాళ్లు చూశారు. బార్బడోస్ కేంద్రంగా రెడ్‌జెట్ 2011 మే నెలలో చవక టికెట్లతో మొదలై, 2012 మార్చిలో ఆగిపోయింది. అంతకుముందు కరీబియన్ స్టార్ అనే ప్రైవేటు సంస్థ లియాట్‌తో ధరల పోరుకు దిగి, ఇద్దరూ నష్టపోయాక, 2007లో లియాట్‌లోనే కలిసిపోయింది. లియాట్ పోయిన తరువాతి నెలల్లో నాకు తెలిసినవాళ్లు పక్క దేశానికి వెళ్లడానికి మయామీ మీదుగా తిరిగి వచ్చారు. అందుకు అమెరికా వీసా ఉండాలి. కిటికీలోంచి కనిపించే దీవికి వెళ్లడానికి ఎక్కడో దూరాన ఉన్న మరో దేశం అనుమతి అడగవలసి రావడం నన్ను నిజంగా బాధిస్తుంది.

రేవు

విమానం తప్ప దారి లేదనడం పూర్తిగా సరికాదు. గ్వాడెలూప్, డొమినికా, మార్టినిక్, సెయింట్ లూసియాల మధ్య ఎక్స్‌ప్రెస్ దెజీల్ వేగ నౌకలు చాలాకాలంగా తిరుగుతున్నాయి. అంగ్విల్లా నుంచి సెయింట్ మార్టిన్‌కు పడవలో అరగంటలోపు వెళ్లవచ్చు. సామానుతో సంతకు వెళ్లే చిరువ్యాపారులకు నౌకే మేలు. సబ్సిడీ ఇవ్వదలిస్తే ముందు రేవులకు ఇవ్వండి.

ఆంటిగ్వావాసి

దగ్గరి దీవులకు మీ మాట నిజమే. బార్బడోస్ మాత్రం మిగతా వరుసకు దూరంగా, తూర్పున అట్లాంటిక్‌లో ఒంటరిగా ఉంది. ఆ అలల మీద రోగిని గంటల తరబడి తీసుకువెళ్లలేం. సాబా అనే చిన్న దీవి సంగతి చూడండి. 400 మీటర్ల రన్‌వే మీద దిగగలిగే ట్విన్ ఆటర్ విమానం సెయింట్ మార్టెన్ నుంచి పావుగంటలోపే అక్కడికి చేరుతుంది. సముద్రం ఉధృతంగా ఉన్న రోజున పడవ బయలుదేరదు.

లెక్కలమాస్టారు

వైద్యం, న్యాయస్థానాల విషయంలో మీ వాదనకు బలముంది. అయినా ప్రభుత్వాలు ఒక చేత్తో సబ్సిడీ ఇచ్చి మరో చేత్తో పన్ను వేయడం నాకు మింగుడు పడడం లేదు. బార్బడోస్ 2018 అక్టోబరులో అదనపు ప్రయాణ రుసుము పెట్టింది: కరికామ్ (కరీబియన్ దేశాల కూటమి) బయటి దేశాలకు వెళ్లేవారికి అప్పట్లో 70 అమెరికన్ డాలర్లు, కరికామ్ లోపలి దేశాలకైతే 35. మిగతా దేశాలకూ తమ తమ రుసుములు ఉన్నాయి, మధ్యలో ఇంకో దీవిలో దిగి విమానం మారితే భారం ఇంకా పెరుగుతుంది. సంస్థలను నిలబెట్టే ముందు ఈ రుసుములు తగ్గించి, తరువాత కూడా సీట్లు నిండకపోతే అప్పుడు సబ్సిడీ గురించి మాట్లాడుకోవాలి.

కడలిదారి

పన్ను తగ్గించడం అవసరమే, అది ఒక్కటే చాలదు. ఆలస్యం పాకే తీరును గమనించండి. ఒకే విమానం ఉదయం నుంచి సాయంత్రం దాకా నాలుగైదు దీవులు దిగుతూ ఎక్కుతూ పోతుంది. మొదటి దీవిలో గంట ఆలస్యమైతే అది చివరి దీవి దాకా పెరుగుతూనే ఉంటుంది. అక్కడి రన్‌వేకు రాత్రి దీపాలు లేకపోతే ఆ రోజు ప్రయాణమే రద్దు. అదనంగా ఒక విమానం సిద్ధంగా ఉంచుకుంటే ఈ బాధ తగ్గుతుంది, కానీ సీట్లు అమ్ముకుని బతికే సంస్థ ఖాళీగా నిలబడే విమానాన్ని పోషించలేదు. ప్రజాధనం అవసరమయ్యేది సరిగ్గా ఇక్కడే.

లియాట్ తప్పు ప్రభుత్వ డబ్బు తీసుకోవడంలో లేదు, ఆ డబ్బు దేనికి ఇస్తున్నారో రాసుకోకపోవడంలో ఉందని నా అభిప్రాయం. నాలుగు ప్రభుత్వాలు సంస్థ నష్టాన్ని మోస్తుంటే, వాటాయే లేని దీవులకూ విమానాలు వెళ్లాయి. సంస్థకు కాక మార్గానికి డబ్బు ఇవ్వాలి: ఫలానా దీవికి వారానికి ఇన్నిసార్లు, ఇంత ధరకు మించకుండా నడపాలని టెండరు పిలిచి, ఆ మార్గం రెండు చివర్లలో ఉన్న ప్రభుత్వాలే తేడాను పంచుకోవాలి. ట్రినిడాడ్-టొబాగో మధ్య టికెట్ ధరను ప్రభుత్వం ఎన్నో ఏళ్లుగా సబ్సిడీతో అదుపులో ఉంచుతోంది. అది ఒకే దేశం కాబట్టి సులువైంది. దేశాలు కలిస్తే కుదరదని మాత్రం అనలేం. 2007 ప్రపంచకప్ కోసం పది దేశాలు ఫిబ్రవరి నుంచి మే మధ్య వరకు ఒకే దేశీయ ప్రాంతంగా మారి, ఒకచోట ముద్ర వేయించుకున్నవారిని మిగతాచోట్లకు మళ్లీ తనిఖీ లేకుండా పంపాయి. కప్ అయిపోగానే ఎత్తివేశారు. క్రికెట్ చూడవచ్చినవారికి ఇవ్వగలిగిన సౌకర్యం అక్కడ పుట్టి పెరిగిన పౌరులకు ఎందుకు ఇవ్వలేరు?

లెక్కలమాస్టారు

మార్గానికి డబ్బు ఇచ్చే పద్ధతికి నేను ఒప్పుకోగలను, రెండు షరతుల మీద. టెండరు గడువు తీరగానే ప్రయాణికుల లెక్కలు బయట పెట్టాలి. డబ్బు సాధారణ ఖజానా నుంచి కాకుండా, దూరదేశాల నుంచి వచ్చే పర్యాటకులు కట్టే రుసుములోంచి రావాలి. ఉడాన్‌కు పెద్ద మార్గాల విమానాల మీద వేసిన సుంకం అలాంటిదే. బార్బడోస్ కరికామ్ లోపలి రుసుమును ఎత్తివేసి, బయటి దేశాల రుసుములో కొంత భాగాన్ని పొరుగు మార్గాలకు కేటాయిస్తే నాకు అభ్యంతరం లేదు.

ఆంటిగ్వావాసి

రెండో షరతు పెద్ద దీవులకు సరిపోతుంది. దూరదేశాల విమానాలు దిగగలిగే రన్‌వే లేని మాంట్‌సెరాట్, సాబా వంటి చోట్ల ఆ రుసుము కట్టే పర్యాటకుడు పక్క దీవిలోనే దిగుతాడు, డబ్బూ అక్కడే మిగులుతుంది. కాబట్టి రుసుము ప్రాంతీయ నిధిలోకి వెళ్లాలి, ఏ ఒక్క దేశపు ఖజానాలోకీ కాదు. దానికి బార్బడోస్, ఆంటిగ్వా ముందుగా ఒప్పుకోవాలి. ఎక్కువ వదులుకోవలసింది ఆ రెండే.