కొత్తగా పట్టిన ఇండికా గుంపు: క్వీన్ గేటు పెట్టాలా, వద్దా?

కోనసీమ తోట
అందరికీ నమస్తే. అమలాపురం దగ్గర మా కొబ్బరి తోట. నిన్న సాయంత్రం గట్టు మీది పనస కొమ్మకు దిగిన ఇండికా గుంపును, అదే పుట్ట తేనెటీగల్ని, ఎనిమిది ఫ్రేముల పెట్టెలోకి దింపాం. రాణి లోపలే ఉంది, కళ్లారా చూశాను. పెట్టె కొత్తది, ఫ్రేములకు మైనపు రేకు తప్ప తేనెపట్టేమీ లేదు. వాకిలికి క్వీన్ గేటు, అదే రాణి బయటికి పోకుండా ఆపే కంతల రేకు, బిగించి వారం దాకా తీయొద్దని మా మామయ్య అంటున్నారు. నాకు శిక్షణ ఇచ్చినాయన అసలు గేటే వద్దంటున్నారు. ఇద్దరూ అనుభవం ఉన్నవాళ్లే, అందుకే టెన్షన్. మీరేమంటారు?

పాడేరు కొండలు
గేటు పెట్టు తమ్ముడూ. గుంపు కొమ్మకు వేలాడుతున్నప్పుడే కొన్ని ఈగలు చెట్టు తొర్రలు, గోడ సందులు వెతుకుతుంటాయి. నువ్వు పెట్టెలోకి దింపినంత మాత్రాన ఆ వెతుకులాట ఆగదు. ఇంకో చోటు నచ్చిందా, మర్నాడే లేచిపోతాయి. గేటు కంతల్లోంచి కూలి ఈగలు దూరతాయి, రాణి ఒళ్లు పెద్దది కాబట్టి దూరలేదు. గుంపు బయటికొచ్చినా, రాణి రాలేదని తెలిసి మళ్లీ లోపలికే వస్తుంది. ఈలోగా పట్టు కట్టడం మొదలైతే నిలిచినట్టే. మా వైపు వలిసెలు పూసే రోజుల్లో గుంపులు పట్టినవాళ్లెవరైనా ఈ మాటే చెప్తారు.

ఖమ్మం తేనె
ముందు ఒకటి తేలాలి: అది పాత గూటి నుంచి మొదట విడిపోయి వచ్చిన తొలి గుంపా, ఆ తర్వాత వచ్చిన మలి గుంపా? తొలి గుంపుతో పాత రాణి వస్తుంది. పట్టు సిద్ధం కాగానే గుడ్లు పెడుతుంది. మలి గుంపుతో వచ్చేది సాధారణంగా జత కట్టని రాణి. అది బయటికి ఎగిరి పోతు ఈగలతో కలిసి రావాలి, లేకపోతే దాని గుడ్ల నుంచి కూలి ఈగలు పుట్టవు. దాన్ని వారం పాటు బంధిస్తే గుంపుకు భవిష్యత్తే లేదు. పోతు ఈగలూ గేటు దాటలేవు, కంతల్లో ఇరుక్కుని చచ్చి వాకిలి మూసేస్తాయి. కూలి ఈగల కాళ్ల నుంచి పుప్పొడి కూడా రాలిపోతుంది.

అన్నిటికన్నా ముఖ్యం, గేటు రాణిని ఆపుతుందే కానీ గుంపుకు పెట్టె మీద మనసు కుదర్చదు. కుదిర్చేది పిల్ల పట్టు. గదులకు ఇంకా మూత పడని పిల్లలున్న ఫ్రేము ఒకటి తెచ్చి మధ్యలో పెట్టండి. మేత అడిగే పిల్లల్ని వదిలి కూలి ఈగలు అంత తేలిగ్గా కదలవు.

పాడేరు కొండలు
మొదటి పెట్టె పెట్టుకునేవాడికి పిల్ల ఫ్రేము ఎక్కడిది అక్కా? ఇంకొకరి పెట్టె నుంచి తెస్తే రోగం కూడా వెంట రావచ్చు. 1991-92లో ఈగల పిల్లల్ని చంపే థాయ్ సాక్‌బ్రూడ్ వైరస్ దక్షిణాదిలో ఇండికా పెట్టెల్ని ఎంత నాశనం చేసిందో పాతవాళ్లకు గుర్తుంది. తెలియని పెట్టెలోంచి ఫ్రేము నేనైతే తీసుకోను. జత కట్టని రాణి విషయం మాత్రం ఒప్పుకుంటున్నా. గుంపు చిన్నదైతే మలి గుంపు అయ్యుండొచ్చు, గేటు వద్దు.

టెక్సాస్ తెలుగు
ఇక్కడ మూడు పౌండ్ల ప్యాకేజీలో ఈగలు కొంటాం, సుమారు పది వేలుంటాయి. రాణి విడిగా చిన్న బోనులో వస్తుంది, దాని దారికి చక్కెర ముద్ద అడ్డం పెడతారు. ఈగలు ఆ ముద్ద తిని రాణిని విడిపించడానికి కొన్ని రోజులు పడుతుంది. అంటే ఇక్కడా రాణిని కొంతకాలం ఆపుతున్నారు. కొద్ది రోజుల గేటు తప్పు కాదనిపిస్తోంది.

ఖమ్మం తేనె
అక్కడిది మెల్లిఫెరా, అంటే యూరప్ జాతి తేనెటీగ అండి, పైగా ఆ రాణి వేరే గుంపుది. దాని వాసనకు ఈగలు అలవాటు పడాలని బోను. ఇక్కడ రాణి వాటి సొంతదే.

మెల్లిఫెరా కష్టమొచ్చినా చాలావరకు పెట్టెను అంటిపెట్టుకునే ఉంటుంది. ఇండికా అలా కాదు, చీమలు పట్టినా, ఎండ తగిలినా, మేత తగ్గినా వెళ్లిపోతుంది. వెళ్లాల్సిన కారణం పెట్టెలోనే ఉంచి గేటు బిగిస్తే రాణి తప్పించుకునే దారి లేక చస్తుంది. ముందు ఆ కారణాలు చూసుకోండి. పెట్టె నీడన ఉండాలి. స్టాండు కాళ్లు నీళ్ల గిన్నెల్లో ఉండాలి. చక్కెర, నీళ్లు సమానంగా కలిపిన పాకం చీకటి పడ్డాక లోపలే పెట్టండి, బయట చుక్క కూడా ఒలకొద్దు. ఒలికితే చీమలతో పాటు వేరే గుంపుల ఈగలూ దోపిడీకి వస్తాయి.

కోనసీమ తోట
గుంపు పెద్దదే అక్కా, పనసకాయంత ఉంది. తొలి గుంపే అనుకుంటున్నా. గిన్నెలు పెట్టేశాను, పాకం ఈ రాత్రికి. పిల్ల ఫ్రేము దొరికే దారి లేదు కాబట్టి గేటు పెడుతున్నా. మరి తీసేది ఎప్పుడు?

పాడేరు కొండలు
వారం అక్కర్లేదు. నాలుగో రోజు ఎండ ముదరకముందే మధ్య ఫ్రేము ఒక్కటి నెమ్మదిగా ఎత్తి చూడు. కొత్త పట్టు గదుల్లో గుడ్లు కనిపిస్తే అప్పుడే తీసెయ్. అప్పటిదాకా మూత తెరవకు.

ఖమ్మం తేనె
నా మాట ఇప్పటికీ గేటు వద్దనే. పెడితే మాత్రం రోజూ పొద్దున వాకిలి చూసి, ఇరుక్కున్న పోతు ఈగల్ని పుల్లతో తీసేయండి. పట్టు కట్టి కూడా నాలుగో రోజుకు గుడ్లు లేకపోయినా గేటు తీయాల్సిందే. లోపలున్నది జత కట్టని రాణి అయ్యుండొచ్చు.